ఎడమకాలి రెండో వేలు

ముందు శుభవార్త చెప్పేస్తాను. లేకపోతే ఈ కథ రాస్తున్నంతసేపూ అది నా గొంతులో గెంతుతూనే ఉంటుంది. నేను డిగ్రీ పాసయ్యాను. బి.ఏ.! మూడేళ్ళూ ఒక్క సబ్జెక్టు కూడా తప్పలేదు. నాకిప్పుడు అరవై నాలుగేళ్ళు. మా నాయన పూతలపట్టులో బస్సులు ఆగే చోట కూర్చుని చెప్పులు కుట్టేవాడు. సంతకం పెట్టమంటే బొటనవేలు చాపేవాడు. ఆ ఇంట్లోంచి మొదటి గ్రాడ్యుయేట్‌ని నేను. ఫోన్లో ఫలితం చూసి మా మనవరాలు "తాతా, నువ్వు పాసు!" అని అరిస్తే, నేను నమ్మలేక హాల్‌టికెట్ నంబరు మూడుసార్లు సరిచూసుకున్నాను. పాలవాడికి చెప్పాను. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకి చెప్పాను. ఎవరో పొరపాటున నా నంబరుకి ఫోన్ చేస్తే ఆయనకి కూడా చెప్పాను. పాపం, మంచివాడు, కంగ్రాట్స్ అన్నాడు.

"ఈ వయసులో నీకెందుకప్పా డిగ్రీ?" అని అందరూ అడుగుతున్నారు. నవ్వి ఊరుకుంటున్నాను. అసలు జవాబు ఒక పిల్ల ఎడమకాలిలో ఉంది. దాన్ని మీకు చెబుతాను. మీరంటే, ఆసుపత్రుల్లో చెప్పులు తయారుచేసే పనిలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు. మిషన్లు మాకంటే మీకు బాగా వచ్చు. కంప్యూటర్లో కాలిని స్కాన్ చేస్తారట కూడా. మంచిదే. అయినా వినండి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా చిత్తూరులో ఒక ఆసుపత్రి వెనక ఉండే చెప్పుల గదిలో పనిచేశాను. కుష్ఠు వచ్చి స్పర్శ పోయిన కాళ్ళకి, షుగరు ముదిరి మొద్దుబారిన కాళ్ళకి మెత్తటి రబ్బరు చెప్పులు చేసివ్వడం మా పని. నాకు పని నేర్పిన మేస్త్రి చిత్తూరు సాయిబు. ముత్తాతల నుంచీ బూట్లు కుట్టిన ఇల్లు వాళ్ళది. ఇంట్లో ఉర్దూ, గదిలో మా తెలుగు. నేను చేరిన మొదటి రోజే ఒక రైతు వచ్చాడు. ఐరాల నుంచి బస్సులో నిలబడి, దిగి నడిచి, నవ్వుతూ వచ్చాడు. మేస్త్రి ఆయన చెప్పు తీయిస్తే కింద నుంచి ఒక మేకు అరికాల్లోకి దిగి ఉంది. ఆయనకి తెలియనే తెలియదు.

"సూసినావా?" అన్నాడు మేస్త్రి. "నొప్పి ఉండాదా అని పేషెంటు నోటిని అడగొద్దురా. కాలిని అడుగు."

కాలిని అడగడం ఎట్లాగో కూడా చూపించాడు. కొత్త చెప్పులు తొడిగి అరగంట నడిపించాలి. విప్పించి, అరచేత్తో కాదు, చేతి వెనకభాగంతో పాదమంతా మెల్లగా తడమాలి. ఎక్కడ వెచ్చగా తగిలితే అక్కడ చెప్పు ఒత్తుతున్నట్టు. ఇవాళ వెచ్చగా ఉన్న చోటు పది రోజులకు పుండవుతుంది. ఇంతే మా శాస్త్రం. ముప్పై ఏళ్ళలో నేను దీన్ని తప్పింది ఒక్కసారే.

రిటైరవడానికి ఏడాది ముందు, తిరుపతి నుంచి ఒక కోచ్ వచ్చాడు. అక్కడ పిల్లలకి బండలెక్కడం నేర్పే శిక్షణ కేంద్రంలో పని. సంచి నిండా అరిగిపోయిన బూట్లు తెచ్చాడు. బండని పట్టుకునే బంక రబ్బరు అట్టలు వాటికి. మునివేళ్ళ దగ్గర అన్నింటికీ చిల్లులు. అటువంటివి కుట్టేవాళ్ళు ఇక్కడ దొరకరు, ఎవరో నా సంగతి చెప్పారట. ఒక బూటులో చెయ్యి పెట్టి చూశాను. పెద్దవాళ్ళ బూటే, కానీ లోపల చిన్నపిల్లల బూటంత చోటు.

"ఇది బూటా సార్, సంకెళ్ళా?" అన్నాను.

"ఇట్లే ఉండల్లప్పా. లోపల వేళ్ళు కొక్కెం మాదిరి మడుచుకోవల్ల. అప్పుడే గోరంత అంచు మీద కూడా కాలు నిలుస్తాది. మామూలు సైజు కంటే రెండు తక్కువ తీసుకోమని పిల్లోళ్ళకి చెప్తాను."

"మరి నొప్పి?"

"నొప్పి లేకుంటే బూటు లూజని అర్థం." అని తన షూ, సాక్సు తీసి చూపించాడు. రెండు గోళ్ళు నల్లగా చచ్చిపోయి ఉన్నాయి. వేళ్ళ కణుపుల మీద చింతగింజల్లాంటి కాయలు. బొటనవేళ్ళు పక్కకి వాలిపోయాయి. "ఇరవై ఏండ్ల సంపాదన!" అన్నాడు గర్వంగా.

చెడ్డవాడని నేననను. తన కాలికి చేసుకున్నదే పిల్లలకీ చెప్పాడు. నేను అతుకులు వేసిచ్చాను. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక అమ్మాయినీ ఆమె నాయననీ వెంటబెట్టుకుని.

వాళ్ళది ఐరాల పక్క పల్లె. తండ్రి క్వారీలో బండ కొట్టే కూలీ. ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళు. చిన్నప్పటి నుంచి నాయనకి సంగటి క్యారియరు తీసుకుని గుండ్ల మీద ఒట్టికాళ్ళతో ఎక్కి పోయేదట. స్కూల్లో డ్రిల్లు మాస్టరు చూసి తిరుపతికి పంపించాడు. బండ మీద ఒట్టికాళ్ళతో ఎవరికీ అందదు. కానీ పోటీలు పెట్టేది బండ మీద కాదు, కట్టిన గోడ మీద. దాని మీద బిగించిన చిన్న చిన్న ప్లాస్టిక్ పట్ల మీద ఒట్టికాలు జారుతుంది, వేళ్ళు చిట్లి రక్తం వస్తుంది. కోచ్ దగ్గరున్న బూట్లు ఒక్కటీ ఆమెకి ఎక్కలేదు. చెప్పు ఎరగకుండా పెరిగిన కాలు. మడమ సన్నం, ముందు భాగం విసనకర్రలా విచ్చుకుని ఉంది.

"రాష్ట్రం టీములో చోటు వస్తే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు ఇస్తారంట సామీ," అన్నాడు తండ్రి. చెవుల్లో ఇంకా రాతిపొడి ఉంది. "మా ఇంట్లో ఎవురూ సదవల్యా. నువ్వు బూట్లు చేసిస్తే ఇది సదువుకుంటాది."

అంత సూటిగా చెప్పాడు. బూటు సరిపోతే చదువు, లేకపోతే లేదు.

ఆమెని తెల్లకాగితం మీద నిలబెట్టి కుడికాలు చుట్టూ పెన్సిలుతో గీశాను. గీసి లేస్తూ నోరు జారాను. రెండో వేలు బొటనవేలిని దాటి ముందుకొచ్చి ఉంది. అటువంటి ఆడపిల్ల మొగుణ్ణి లెక్కచెయ్యదని మన వైపు అంటారు కదా.

"ఏమ్మే, ఈ వేలు సూడు, బొటనవేలి కంటే ముందే పరిగెత్తతాండాది. నీ మొగుడి పని అయిపోయినట్టే పో!"

కుట్టుమిషను మీద పనిచేసే ఆమె అందుకుంది. "అయ్యో, వాడు బోకులు తోముకుంటా కూర్చోవల్సిందే!"

కోచ్ నవ్వాడు. తండ్రి నవ్వాడు. ఆ పిల్ల కూడా చేత్తో నోరు మూసుకుని నవ్వింది. అందరం నవ్వుతుండగా ఎడమకాలు గీశాను.

గీశాక చూస్తే ఎడమకాలు కుడికాలి కంటే రవ్వంత పొట్టిగా వచ్చింది. ఎవరి కాళ్ళూ రెండూ ఒకటిగా ఉండవు, పనిలో ఇది మాకు మామూలే. రెండు కాళ్ళకీ వేరువేరుగా కొయ్య అచ్చులు చెక్కాను. కోచ్ రెండు సైజులు తగ్గించమన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"కాలు ఎంతుండాదో అంతే చేస్తాను సార్. గీత కంటే నూలుపోగంత కూడా తక్కువ చెయ్యను."

ఎంత గర్వంగా అన్నానో! ఆ గర్వం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు మండుతాయి. గీత కంటే తక్కువ చెయ్యలేదు, నిజమే. ఆ గీతే తక్కువ అని నాకు తెలీదు.

బూట్లు తీసుకుని తిరుపతికి నేనే వెళ్ళాను. ఆమె తొడుక్కుని గోడ ఎక్కింది. కింద పిల్లలంతా తలలు పైకెత్తి నోరు తెరుచుకుని చూశారు. తాడు మీద దిగి వచ్చింది.

"ఎట్లుండాదమ్మా?"

"బాగుండాది పెద్నాయనా."

"నొప్పి?"

ఒక్క క్షణం కోచ్ వైపు చూసింది. "లేదు."

అయినా నేను కింద గొంతుక్కూర్చుని బూట్లు విప్పించాను. చెయ్యి తిప్పి, వెనకవైపుతో పాదం తడమబోయాను. ఆమె చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"వద్దు పెద్నాయనా! మా నాయన కంటే పెద్దోళ్ళు మీరు. నా కాళ్ళు పట్టుకుంటే నాకు పాపం."

నా ఇబ్బంది ఏమిటో మీకు అర్థం కావాలంటే మా నాయన దగ్గరికి వెళ్ళాలి. పూతలపట్టులో మా నాయన ముందు ఊరంతా కాళ్ళు చాపింది. పెద్దా చిన్నా లేదు. ఆయన ముఖం చూడకుండా, బస్సు వస్తోందా అని రోడ్డు వైపు చూస్తూ, చెప్పుతో సహా కాలు ఆయన ముందుకు తోసేవాళ్ళు. నేను ఆసుపత్రిలో చేరాక కూడా కాళ్ళు చాపారే గానీ వెనక్కి లాక్కున్నవాళ్ళు లేరు. నేను పెద్దవాణ్ణని, నా చేత కాళ్ళు ముట్టించుకోకూడదని, నా బతుకులో మొదటిసారి ఒక మనిషి అనుకుంది. ఆ గౌరవం నాకు తియ్యగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆమేమీ పేషెంటు కాదు కదా అని సర్ది చెప్పుకున్నాను. కాళ్ళకి స్పర్శ ఉంది, నోట్లో నాలుక ఉంది, నొప్పి ఉంటే చెప్పదా? చిత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే తలుచుకుంటూ ఇంటికి పోయి మా ఆవిడకి చెప్పాను, "ఆ పాప నన్ను కాళ్ళు ముట్టుకోనీలేదు తెలుసునా" అని, మెడలో దండ వేయించుకున్నవాడిలా.

రెండు నెలల తర్వాత తిరుపతిలోనే సెలెక్షన్లు. సెలవు పెట్టి వెళ్ళాను. ఆమె ఎడమకాలి వేళ్ళకి ప్లాస్టరు చుట్టి ఉంది.

"ఏమ్మే ఆ ప్లాస్టరు?"

"అందురూ ఏసుకుంటారు పెద్నాయనా."

చుట్టూ చూస్తే నిజమే. గోడ కింద కూర్చున్న పిల్లలందరి కాళ్ళకీ ప్లాస్టర్లే. ఒకడి మడమ మీద నిమ్మకాయంత బొడిపె. ఒకమ్మాయి బూట్లు విప్పిన వెంటనే పాదాలు రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. మా ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. అయినా నాకు బుద్ధి రాలేదు.

ఆమె వంతు వచ్చింది. సగం దాకా నీళ్ళు పారినట్టు పోయింది. పైన గోడ ముందుకు వంగే చోట ఎడమకాలి మీద బరువు మోపాలి. మోపింది. వెంటనే తీసేసింది. రెండు చేతుల మీద వేలాడుతూ, కుడికాలు ఎక్కడో దూరాన వేసి, ఒళ్ళంతా విల్లులా వంచి పైకి లేచింది. పై అంచు ముట్టుకుంది. కోచ్ చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. ఆ ఎడమకాలు ఎందుకు తీసిందో చప్పట్లు కొట్టేవాళ్ళలో అడగాల్సిన మనిషిని నేనొక్కణ్ణే.

నలుగురి పేర్లు బోర్డు మీద రాశారు. ఆమెది మూడోది. బోర్డు చదవడం రాని తండ్రి పక్కవాళ్ళ చేత రెండుసార్లు చదివించుకుని ఏడ్చాడు. "నా కూతురు డిగ్రీ సదవతాది!" అని నా చేతులు పట్టుకుని ఊపేశాడు.

అప్పుడు ఆమె ఒక మూలన కూర్చుని ఎడమ బూటు విప్పింది. వాసన వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నాకు తెలిసిన వాసన. ఈసారి నేను అడగలేదు. కాలు పట్టుకున్నాను. "వద్దు" అంది. వదల్లేదు. ప్లాస్టరు ఊడదీస్తే రెండో వేలు లోపలికి మడుచుకుపోయి, కణుపు మీద చర్మం తెరుచుకుని, అడుగున తెల్లగా ఎముక కనిపించింది. చెయ్యి తిప్పి పెట్టాను. పాదమంతా పొయ్యిలా ఉంది.

"ఎన్నాళ్ళాయ?"

"నెల."

"ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"నొప్పి ఉంటేనే బూటు సరింగా ఉండాదని సార్ చెప్పినాడు." తలొంచుకుంది. "మీరు అంత కష్టపడి చేసినారు. బాగలేదని ఎట్లా చెప్పేది?"

చీము ఎముకలోకి దిగిందన్నారు డాక్టర్లు. వేలు మొదలంటా తీసేశారు. జ్వరం తగ్గి లేచేసరికి టీము క్యాంపు మొదలైపోయింది. ఆమె స్థానంలో అయిదో పిల్లని తీసుకున్నారు. సర్టిఫికెట్ లేదు, కోటా లేదు, సీటు లేదు. వార్డులో ఆమెని చూడ్డానికి వచ్చిన ఒక ముసలామె మంచం పక్కన కూర్చుని ఓదార్చింది. "పోనీలేమ్మా. మొగుణ్ణి మింగే వేలు పోయింది. ఇంగ నీ కాపురానికి అడ్డం లేదు."

ఆ ముసలామెని ఏమనను? ఆ మాట గదిలో మొదట అన్నది నేనే. ఈసారి తండ్రి నవ్వలేదు.

కానీ అప్పటికీ నా తప్పేమిటో నాకు పూర్తిగా తెలియలేదు. రెండు కాగితాలూ తీసుకుని మా మేస్త్రి ఇంటికి వెళ్ళాను. రిటైరై పదేళ్ళయింది ఆయనకి, చూపు సగమే. కాగితాలు కిటికీ వెలుగులో పట్టుకుని, గీత మీద వేలు పెట్టి, కళ్ళు లేనివాడిలా తడుముకుంటూ పోయాడు. ఎడమకాలి రెండో వేలి దగ్గర ఆగాడు.

"కుడికాలు మామూలుగా నిలబడిందిరా," అన్నాడు. "ఈ కాలు సిగ్గుపడింది. ఈ వేలు ముడుచుకున్యాది సూడు, గీత మొండిగా తిరిగింది. రెండు గీతల మధ్యలో ఏం మాట్లాడినావు?"

చెప్పాను.

మేస్త్రి కాగితాలు రెండూ మడిచి నా చేతిలో పెట్టాడు. "అరె భాయ్" అన్నాడు. టీ వచ్చింది, తాగాం.

తర్వాత విచారణ. ఆసుపత్రి ఉద్యోగి బయటి మనిషికి బూట్లు చేసివ్వడమేమిటని శిక్షణ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. బల్ల వెనక ఆసుపత్రి అధికారులు ముగ్గురు కూర్చున్నారు. కోచ్ తన మాట చెప్పాడు. "మా దగ్గర కంపెనీ బూట్లుండాయి సార్. ఈయనే నేను చేస్తానని ముందుకొచ్చినాడు." సగం నిజం. కంపెనీ బూట్లు ఆమెకి ఎక్కలేదన్న సగం ఆయన చెప్పలేదు. నొప్పి లేకపోతే లూజు అన్న మాట గురించి ఎవరూ అడగలేదు.

మధ్యలో కూర్చున్న అధికారి నా వైపు తిరిగాడు. "నీ క్వాలిఫికేషనేంది?"

"ఎనిమిదో తరగతి సార్."

ఆయన పక్కాయన వైపు చూసి నవ్వాడు. పెద్ద నవ్వు కాదు, ముక్కులోంచి వచ్చే నవ్వు. 'అర్హత లేని సిబ్బంది చేసిన పాదరక్షల వలన' అని రాయించాడు. నా చొక్కా జేబులో రెండు కాగితాలూ మడిచి ఉన్నాయి. అడిగితే విప్పి చూపించి, ఇదిగో సార్, ఇక్కడ ఒక పిల్లని ఎగతాళి చేశాను, ఇక్కడ ఆమె వేలు దాచుకుంది, ఆ తర్వాత కాలిని అడగాల్సినవాణ్ణి అడగలేదు, అని చెప్పడానికి సిద్ధపడి వెళ్ళాను. రాత్రంతా వరస తప్పకుండా మనసులో అనుకుని వెళ్ళాను. ఎవరూ అడగలేదు. చెయ్యని తప్పుకి శిక్ష వేశారు. చేసిన తప్పు నా జేబులోనే ఉండిపోయింది.

మిగిలిన నాలుగు నెలలూ నన్ను గాయాలకి కట్టే గుడ్డలు నిల్వ చేసే గదిలో కూర్చోబెట్టారు. తోలు కుట్టే ఆరె మళ్ళీ చేత పట్టకుండానే రిటైరయ్యాను. దండా లేదు, శాలువా లేదు. కుట్టుమిషను ఆమె మాత్రం గేటు దాకా వచ్చి, "ఆ పొద్దు నేను కూడా నవ్వినానన్నా" అని ఏడ్చింది.

డిగ్రీ అందుకే కట్టాను, ఇంటర్ లేనివాళ్ళకి పెట్టే అర్హత పరీక్ష రాసి, ఓపెన్ యూనివర్సిటీలో. ఆ ముక్కు నవ్వుకి జవాబుగా. మార్కుల లిస్టు పట్టుకుని ఆ అధికారి ముందు నిలబడాలని మూడేళ్ళు కలగన్నాను. పాసైన మర్నాడే వెళ్ళాను కూడా. ఆయన ఎప్పుడో బదిలీ మీద పోయాడట. ఆ కుర్చీలో ఉన్న కొత్తాయనకి నేనెవరో తెలీదు. "పెన్షన్ సెక్షను అవతల" అని వేలు చూపించాడు. కోచ్ తిరుపతిలోనే ఉన్నాడు. ఇప్పటికీ పిల్లలకి రెండు సైజులు తక్కువే చెబుతున్నాడని విన్నాను.

అందుకని నిన్న మైసూరుపాకు పొట్లం తీసుకుని ఐరాల బస్సెక్కాను. ఆ పిల్లకిప్పుడు ఇరవై రెండు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోతుంది, మిగతా రోజుల్లో ఇంటి దగ్గరే. ఏడాదికి రెండు జతలు నేనే ఇంట్లో కుట్టి తీసుకెళతాను, లేని వేలి చోట మెత్తటి రబ్బరు ముక్క పెట్టి. విషయం చెప్పీ చెప్పకముందే పొట్లం లాక్కుని వీధిలోకి ఉరికింది.

"అత్తా! మా పెద్నాయన డిగ్రీ పాసైనాడు! ఈ వయసులో! ఇంగో, నోరు తీపి చేసుకో!"

ఇల్లిల్లూ తిరిగింది, కొంచెం ఎడమ పక్కకి వాలుతూ. ఆమె నిజంగా సంతోషపడింది. అది చూడలేక నేను కొత్త చెప్పుల సంచి విప్పుతూ కూర్చున్నాను. తండ్రి గోడకి ఆనుకుని ఉన్నాడు. "మంచిదే సామీ," అన్నాడు, "మన ఇండ్లల్లో ఒకరన్నా సదివినారు."

ఆమె తిరిగొచ్చి, కొత్త జత తొడుక్కుని వాకిట్లో అరగంట అటూ ఇటూ నడిచింది. తర్వాత అరుగు మీద కూర్చుని, నేను చెప్పకముందే చెప్పు విప్పి, ఎడమకాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పెట్టి, వీధిలో ఎవరితోనో మాట్లాడుతూ కూర్చుంది. చెయ్యి తిప్పి, పాదమంతా మెల్లగా తడిమాను. ఎక్కడా వెచ్చగా లేదు.

ఇప్పుడామె నా పేషెంటు. పేషెంట్లు కాళ్ళు వెనక్కి లాక్కోరు.